మోడల్ రేసింగ్ బోటుకు ట్యూన్డ్ పైపు: ఎంచుకోవడం, అమర్చడం, పొడవు కుదర్చడం

ట్యూన్డ్ పైపు అంటే ఇంజన్ బలం పెంచేలా మలిచిన పొగ గొట్టం. "పైపు ఎంత పొడవు పెట్టాలి?" అని అడిగినవాళ్లకు ఒక అంకె చెప్పి పంపేయడం తేలికే. ఆ అంకె వాళ్ల బోటుకు నప్పకపోవడమూ అంతే ఖాయం. ఇంజన్, పైపు అవే ఉన్నా ప్రొపెల్లర్ మారితే చాలు, కావలసిన పొడవు మారిపోతుంది. అందుకే ఇందులో అంకెల పట్టిక ఇవ్వడం లేదు. మీ బోటుకు సరిపోయే అంకెను మీరే ఎలా పట్టుకోవాలో చెప్తాను. టూ-స్ట్రోక్ గ్లో ఇంజన్లకూ (మెథనాల్ ఇంధనాన్ని వేడెక్కిన తీగ ప్లగ్ అంటించేవి) పెట్రోల్ ఇంజన్లకూ పద్ధతి ఒకటే. తేడా ఉన్నచోట విడిగా రాశాను.

## 1. పైపు లోపల ఏం జరుగుతుంది

ట్యూన్డ్ పైపులో వరసగా ఉండేవి ఇవి: ఇంజన్‌కి బిగించే వంపు గొట్టం, అంటే హెడర్, మెల్లగా వెడల్పయ్యే ముందు కోన్, లావుగా ఉండే పొట్ట, మళ్లీ సన్నబడే వెనక కోన్, చివర్లో సన్నటి తోక గొట్టం, అంటే స్టింగర్.

ఎగ్జాస్ట్ పోర్టు, అంటే సిలిండర్ నుంచి పొగ బయటికి పోయే రంధ్రం, తెరుచుకోగానే ఒత్తిడి తరంగం ఒకటి పైపులోకి దూసుకెళ్తుంది. అది ముందు కోన్‌లో సాగుతుంటే వెనక్కి లాగే శక్తి పుట్టి, సిలిండర్‌లో మిగిలిన పొగను బయటికి లాగేస్తుంది. ఆ పొగ వెంట కొంత కొత్త మిశ్రమం కూడా జారిపోతుంది. వెనక కోన్‌కి తగిలిన తరంగం ఒత్తిడితోనే తిరిగొచ్చి, పోర్టు మూసుకునేలోపు ఆ జారిన మిశ్రమాన్ని మళ్లీ లోపలికి నెడుతుంది.

తరంగం వెళ్లి రావడానికి పట్టే సమయం పైపు పొడవును బట్టి, లోపలి వేడిని బట్టి ఉంటుంది. కాబట్టి ఒక పొడవు కొంత ఆర్పీఎం పరిధిలోనే పనిచేస్తుంది. ఆ పరిధిలోకి రాగానే ఇంజన్ గొంతు మారుతుంది, బోటు ఒక్కసారిగా ఉరుకుతుంది. ఇంజన్ 'పైపు అందుకుంది' అనేది దీన్నే. పొడవు తగ్గిస్తే ఆ పరిధి పైకి జరుగుతుంది, పెంచితే కిందికి జరుగుతుంది.

## 2. కొనేముందు కాగితం మీద ఉండాల్సినవి

- ఇంజన్ సీసీ, హెడర్ లోపలి వ్యాసం
- ఎగ్జాస్ట్ పోర్టు ఎన్ని డిగ్రీల పాటు తెరిచి ఉంటుందో
- నీటి మీద, లోడు ఉన్నప్పుడు ఇంజన్ తిరిగే ఆర్పీఎం
- బోటు లోపల పైపుకు దొరికే జాగా, వంపులతో సహా
- మీ క్లాసు నిబంధనల్లోని శబ్ద పరిమితి

పోర్టు డిగ్రీలు కొలవడం పెద్ద పనేం కాదు. ఫ్లైవీల్‌కి డిగ్రీ చక్రం అతికించి, దానికి ఎదురుగా ఒక తీగ ముల్లు పెట్టండి. హెడర్ విప్పి, పోర్టులోకి టార్చి వేసి చూస్తూ ఇంజన్‌ను చేత్తో తిప్పండి. పిస్టన్ అంచు కిందికి దిగుతూ పోర్టులో సన్నటి వెలుతురు గీత కనిపించిన చోట ఒక అంకె, పైకి వస్తూ ఆ గీత మాయమైన చోట ఇంకో అంకె వస్తాయి. ఈ రెంటి మధ్య డిగ్రీలే మీకు కావలసింది. సాధారణంగా మామూలు ఇంజన్లలో 150–160, రేసు ఇంజన్లలో 175–190 మధ్య వస్తుంది. తయారీదారు కాగితంలోని అంకెను నమ్ముకుని ఈ కొలత మానేయకండి. సిలిండర్ కింద ఒక షిమ్ (పలుచటి లోహపు రింగు) చేరినా టైమింగ్ మారుతుంది.

ఆర్పీఎం నమోదు చేసే లాగర్ బోటులో ఉంటే మంచిది. లేకపోతే ఫోను సరిపోతుంది. ఒడ్డున నిలబడి బోటు శబ్దం రికార్డు చేసి, ఫ్రీక్వెన్సీ చూపించే యాప్‌లో పెట్టండి. ఒకే సిలిండర్ ఉన్న టూ-స్ట్రోక్ చుట్టుకు ఒకసారి పేలుతుంది. కాబట్టి హెర్ట్జ్‌ని 60తో గుణిస్తే ఆర్పీఎం వచ్చేస్తుంది.

ఇక్కడ చాలామంది తప్పు లెక్క వేస్తారు. దగ్గరికి వస్తున్న బోటు శబ్దం అసలు కంటే హెచ్చుగా, దూరమవుతున్న బోటుది తగ్గుగా వినిపిస్తుంది. సెకనుకు 25 మీటర్ల వేగంతో వెళ్లే బోటు అసలు 400 హెర్ట్జ్ చేస్తుంటే, వస్తున్నప్పుడు సుమారు 431, పోతున్నప్పుడు 373 చూపిస్తుంది. మొదటిదాన్నే పట్టుకుంటే 24,000 కాస్తా దాదాపు 26,000 అయి కూర్చుంటుంది. రెండూ తీసుకుని సగటు చూడండి. 402 వస్తుంది, అంటే అసలుకు చాలా దగ్గర.

## 3. పైపు ఎంచుకోవడం

మొదట సీసీ. 7.5 సీసీ ఇంజన్‌కి చేసిన పైపును 3.5 సీసీ ఇంజన్‌కి తగిలిస్తే తరంగం పలచబడిపోతుంది. పెద్ద ఇంజన్‌కి చిన్న పైపు పెడితే ఊపిరాడక వేడెక్కుతుంది. పైపు మీద రాసిన సీసీకి కట్టుబడి ఉండండి.

రెండోది రేసు తీరు. అరగంట దాకా సాగే ఎఫ్ఎస్ఆర్ తరహా రేసుల్లో పక్క బోట్లను తప్పించుకుంటూ మాటిమాటికీ వేగం తగ్గించాలి. అక్కడ కోన్‌లు మెల్లగా వాలే పైపు కావాలి. గరిష్ఠ శక్తి కాస్త తగ్గినా, మలుపు తిరిగాక పికప్ వెంటనే దొరుకుతుంది. తిన్నటి దారిలో వేగం చూసే పోటీలకు నిటారు కోన్‌ల పైపు పెట్టవచ్చు. దెబ్బ గట్టిగా ఉంటుంది, పరిధి ఇరుకు. మలుపులున్న రేసుకు మొదటి పైపుగా దాన్ని కొనమని నేనైతే చెప్పను.

మూడోది స్టింగర్. దీన్ని ఎవరూ పట్టించుకోరు గానీ ఇంజన్లను చంపేది ఇదే. రంధ్రం చిన్నదైతే వేడి బయటికి పోదు. ఇంజన్‌లో డిటొనేషన్, అంటే మిశ్రమం అదుపు తప్పి పేలడం, మొదలై పిస్టన్ కాలుతుంది. మరీ పెద్దదైతే పైపులో ఒత్తిడి నిలవక బలం తగ్గుతుంది. హెడర్ లోపలి వ్యాసంలో 0.58 నుంచి 0.62 వంతు ఉండటం పాత వాడుక లెక్క. వర్నియర్ కాలిపర్ పెట్టి చూడండి. చాలా తేడా ఉంటే ఎందుకని అమ్మినవాళ్లను అడగండి.

శబ్ద పరిమితి కోసం లోపలే సైలెన్సర్ ఉన్న పైపు దొరికితే అదే తీసుకోండి. మామూలు పైపు కొని, తర్వాత స్టింగర్‌కి డబ్బా తగిలిస్తే చేసిన ట్యూనింగ్ అంతా మళ్లీ మొదటికొస్తుంది.

## 4. మొదటి పొడవు లెక్క

లెక్క ఒక్క వరసే:

పొడవు (మి.మీ.లో) = 42,500 × పోర్టు డిగ్రీలు ÷ ఆర్పీఎం

ఇది పైపులో తరంగం సెకనుకు సుమారు 510 మీటర్లు వెళ్తుందని అనుకుని వేసిన లెక్క. వచ్చే పొడవు పోర్టు దగ్గరి పిస్టన్ ముఖం నుంచి వెనక కోన్ మధ్య దాకా. దాన్ని గొట్టం నడిమి గీత వెంబడే కొలవాలి. వంపుల దగ్గర స్కేలు పనికిరాదు. మెత్తటి తీగను వంచి పెట్టి, తర్వాత తిన్నగా చేసి కొలవండి.

3.5 సీసీ గ్లో ఇంజన్, 178 డిగ్రీలు, 25,000 ఆర్పీఎం అనుకుందాం. 42,500 × 178 ÷ 25,000 అంటే సుమారు 303 మి.మీ. పెట్రోల్ 26 సీసీ, 160 డిగ్రీలు, 16,000 ఆర్పీఎం అయితే 425 మి.మీ.

నీటితో చల్లబడే హెడర్ ఉన్న గ్లో బోటులో వాయువు అంత వేడిగా ఉండదు, తరంగం నెమ్మదిగా వెళ్తుంది. కాబట్టి ఈ లెక్క మామూలుగా కాస్త పొడవు వైపే చూపిస్తుంది. మంచిదే. ఎందుకంటే మొదలుపెట్టాల్సింది పొడవు నుంచే. లెక్కకు ఇంకో 10 మి.మీ. కలిపి అక్కడ ఆరంభించండి.

రోజూ వెనక కోన్ మధ్యను వెతకడం విసుగు. అందుకని బోటర్లు గ్లో ప్లగ్ నుంచి ముందు కోన్ పూర్తిగా వెడల్పయ్యే చోటు దాకా కొలుస్తారు. పెట్రోల్ ఇంజన్లో హెడర్ ఫ్లాంజ్ (ఇంజన్‌కి బోల్టులతో బిగించే అంచు) నుంచి కొలవవచ్చు. ఏ కొలతైనా ఫరవాలేదు, ఎప్పుడూ అదే వాడాలి. ఇంకొకరి అంకె వింటున్నప్పుడు మొదటి ప్రశ్న "ఎక్కడి నుంచి ఎక్కడికి?" అని ఉండాలి.

## 5. అమర్చడం

హెడర్ రంధ్రం పోర్టుతో సరిగ్గా కలవాలి. ప్యాకింగ్ అంచు లోపలికి పొడుచుకొస్తే కత్తిరించండి. బోల్టులు ఒకదాని తర్వాత ఒకటి సమంగా బిగించి, ఇంజన్ ఒకసారి వేడెక్కి చల్లారాక మళ్లీ చూడండి.

హెడర్‌ని, పైపుని కలిపేది వేడి తట్టుకునే సిలికాన్ కప్లర్. రెండు గొట్టాల కొసలు లోపల ఒకదానికొకటి తాకాలి. మధ్యలో ఖాళీ వదిలితే మంట నేరుగా సిలికాన్‌కి తగిలి కప్లర్ కాలి చిల్లు పడుతుంది. రెండు వైపులా కనీసం 12 మి.మీ. పట్టు ఉండాలి.

పొడవు మార్చడానికి ప్రతిసారీ హెడర్ కోయడం తెలివైన పని కాదు. ముందే హెడర్‌ని మొదటి పొడవుకు కావలసినదాని కంటే 15 మి.మీ. తక్కువగా కోసి, గొట్టం వ్యాసానికే సరిపోయే 3 మి.మీ. అల్యూమినియం రింగులు అయిదు చేయించుకుని కప్లర్ లోపల నింపండి. ట్యూనింగ్ అంటే ఇక ఒక్కో రింగు తీయడమే. వెనక్కి వెళ్లాలంటే రింగు తిరిగి పెడితే చాలు. కోసేటప్పుడు రంపం నిటారుగా నడవాలి, అంచులకు ఆకురాయి పట్టాలి, రజను మొత్తం కడిగేయాలి.

పైపును మౌంట్ మీద రబ్బరు వేసి పట్టించండి. ఇంజన్ రబ్బరు మీద ఊగుతుంటే పైపు మాత్రం బోటుకు బిగుసుకుపోతే, ఆ ఒత్తిడంతా హెడర్ ఫ్లాంజ్ మీద పడి పగులుతుంది. రింగు తీసినప్పుడల్లా పైపు ముందుకు జరగాలి కదా, మౌంట్ కూడా జరిగేలా ఉండాలి.

గ్లో ఇంజన్‌కి ట్యాంకులోకి ఒత్తిడి ఇచ్చే నిపుల్ పైపు పొట్ట దగ్గర ఉంటే మేలు. పైపు మార్చారంటే ఈ ఒత్తిడి కూడా మారుతుంది, కాబట్టి పాత నీడిల్ (కార్బురేటర్‌లో ఇంధనాన్ని ఎక్కువ తక్కువ చేసే మర) సెట్టింగ్ చెల్లదు. డయాఫ్రమ్ కార్బురేటర్ ఉన్న పెట్రోల్ ఇంజన్లకు ఈ నిపుల్ అక్కర్లేదు.

నీళ్ల గొట్టాలు మామూలుగా చుక్కాని దగ్గర నీళ్లు అందుకునే గొట్టం నుంచి హెడర్‌కి, అక్కడి నుంచి ఇంజన్ హెడ్‌కి, తర్వాత బయటికి వెళ్తాయి. మరీ చల్లబడితే పైపు పనితీరు కిందికి జరుగుతుంది, పొడవు పెంచినట్టే లెక్క. పొడవు కుదిర్చాక నీళ్ల దారి మార్చారంటే పొడవు మళ్లీ చూసుకోవాలి.

## 6. చెరువు దగ్గర

బయల్దేరేముందు:

- కప్లర్ క్లాంపులు, హెడర్ బోల్టులు బిగుతు
- ప్రెజర్ నిపుల్‌లో కార్బన్ లేదు
- నీళ్లు వెనక నుంచి ధారగా వస్తున్నాయి
- సిగ్నల్ పోతే థ్రాటిల్ మూసుకునేలా ఫెయిల్‌సేఫ్ పెట్టి ఉంది
- నాలుగైదు కొత్త ప్లగ్‌లు, నోటుబుక్కు, చెవులకు రక్షణ

స్టాండు మీద ఇంజన్‌ను గట్టిగా తిప్పి "పైపు అందుకుంటుందా" అని చూసేవాళ్లు కనిపిస్తుంటారు. లోడు లేకుండా ఆర్పీఎం ఎక్కిస్తే కనెక్టింగ్ రాడ్ పోతుంది. అక్కడ వినిపించిన గొంతుకీ, నీటి మీద పనితీరుకీ సంబంధం కూడా ఉండదు.

ఇక వరస ఇది.

మొదటి అడుగు. అయిదు రింగులూ లోపలే ఉంచండి. నీడిల్‌ని మీకు అలవాటైన సెట్టింగ్ కంటే పావు చుట్టు ఎక్కువ తెరవండి. ఒడ్డున సరిగ్గా ఉన్న నీడిల్, ఇంజన్ పైపు అందుకోగానే లీన్ అయిపోతుంది, అంటే గాలికి తగ్గ ఇంధనం చాలదు. అప్పుడు ఎక్కువ గాలి లోపల నిలుస్తుంది, దానికి తగ్గ ఇంధనమూ కావాలి.

రెండో అడుగు. రెండు మూడు ల్యాపులు పోనివ్వండి. చల్లటి పైపులో తరంగం నెమ్మది. మొదటి ల్యాపు చూసి నిర్ణయం తీసుకోవద్దు.

మూడో అడుగు. నీడిల్‌ను చుట్టులో పన్నెండో వంతు చొప్పున మూస్తూ రండి. పొగ సన్నగా కనిపిస్తూనే, తిన్నటి దారి చివరిదాకా గొంతు నిలకడగా ఉండాలి. అక్కడ ఆపి బోటు తీసి, ప్లగ్ చూడండి. గ్లో ప్లగ్ తీగ మెరుస్తూ కాస్త తడిగా ఉంటే సరిపోయినట్టే. మసకబారి, గరుకుగా ఉంటే లీన్. అల్యూమినియం చుక్కలు అంటుకుని ఉంటే వెంటనే ఆపేయండి, డిటొనేషన్ మొదలైంది. పెట్రోల్ ఇంజన్లో స్పార్క్ ప్లగ్ లేత గోధుమ రంగులో ఉండాలి.

నాలుగో అడుగు. మూడు సంగతులు రాయండి: తిన్నటి దారిలో ఆర్పీఎం లేదా జీపీఎస్ వేగం, మలుపు తర్వాత పైపు అందుకోవడానికి పట్టిన సమయం, ల్యాపు సమయం.

అయిదో అడుగు. ఒక రింగు తీయండి. నీడిల్ మళ్లీ పావు చుట్టు తెరవండి. ఈ మాట మరిచిపోతేనే ఇంజన్లు సీజ్ అవుతాయి, అంటే పిస్టన్ వేడికి బిగుసుకుపోతుంది. రెండో అడుగు నుంచి మళ్లీ మొదలు. 303 మి.మీ. పొడవు మీద 3 మి.మీ. అంటే ఒక శాతం, 25,000 మీద 250 ఆర్పీఎం తేడా. కళ్లకు ఆ తేడా తెలియదు, నోటుబుక్కుకు తెలుస్తుంది. పెట్రోల్ పైపు పొడుగు కాబట్టి అక్కడ 5 మి.మీ. రింగులు వాడవచ్చు.

ఆరో అడుగు. ఏదో ఒక రింగు తీశాక వేగం పెరగడం ఆగిపోతుంది, లేదా వేగం పెరిగినా మలుపు తర్వాత ఇంజన్ మూలుగుతుంది. అక్కడ ఆగి, తీసిన ఆఖరి రింగు తిరిగి పెట్టండి. మలుపుల రేసుకు అదే మీ పొడవు. ఇక్కడ ల్యాపు సమయానికే ఓటు వేయండి, గరిష్ఠ వేగానికి కాదు. ఒడ్డున పక్కవాళ్లకు చూపించుకోవడానికి గరిష్ఠ వేగం బాగుంటుంది, రేసు మాత్రం మలుపు దగ్గరే పోతుంది.

ఇదంతా అయ్యేదాకా ప్రొపెల్లర్ ముట్టుకోవద్దు. ఒకేసారి రెండు మార్చితే ఏది ఏం చేసిందో ఎవరూ చెప్పలేరు. ఆ తర్వాత ప్రొపెల్లర్ మార్చి చూడండి. పిచ్ (ఒక చుట్టుకు ప్రొపెల్లర్ ముందుకు సాగే దూరం) తగ్గిస్తే ఆర్పీఎం పెరుగుతుంది, పైపు ఒక రింగు పొట్టి కోరవచ్చు. పెద్ద ప్రొపెల్లర్ వేస్తే ఒక రింగు తిరిగి పెట్టాల్సి రావచ్చు. కొత్త పైపు కొనాలన్న దురద చాలాసార్లు ఇక్కడే తీరిపోతుంది.

## 7. లక్షణాలు, చికిత్స

పైపు తొందరగానే అందుకుంటోంది, కానీ తిన్నటి దారిలో సగానికే గొంతు ఒకచోట నిలిచిపోయింది. పొడవు ఎక్కువ. ఒక రింగు తీయండి. అంతకుముందు నీడిల్ ఇంధనం ఎక్కువై మరీ రిచ్‌గా లేదని నిర్ధారించుకోండి, రెండూ ఒకేలా వినిపిస్తాయి.

నీటిలో వదిలాక బోటు పైకి లేవదు, గొణుగుతూ తిరుగుతుంది. పొట్టి పైపు, లేదా భారీ ప్రొపెల్లర్. ఒక రింగు పెట్టి చూడండి. మారకపోతే ప్రొపెల్లర్‌ని అనుమానించాలి.

మలుపులో పడిపోయి మళ్లీ అందుకోదు. పొట్టి పైపు లక్షణమే. అయితే చుక్కాని ఎక్కువ తిప్పి బోటును మీరే ఆపేస్తున్నారేమో కూడా చూసుకోండి.

నీడిల్ వెంట్రుకవాసి కదిపినా రిచ్ నుంచి లీన్‌కి దూకేస్తోంది. మొదట గాలి లీకు వెతకండి: హెడర్ ఫ్లాంజ్ చుట్టూ నల్ల నూనె, కప్లర్‌లో చిల్లు, ట్యాంకు గొట్టంలో పగులు. లీకు లేకపోతే పైపు మరీ పొట్టి.

నిన్న బాగుంది, ఇవాళ బలం లేదు. పొడవు జోలికి వెళ్లకండి. వాతావరణం మారితే నీడిల్ కదపాలి, పైపు కాదు. నిపుల్ మూసుకుందా, కప్లర్ జారిందా, స్టింగర్ కొసలో కార్బన్ పేరుకుందా అని వరసగా చూడండి.

రెండు మూడు ల్యాపులకే ప్లగ్‌లు పోతున్నాయి. స్టింగర్ కొలవండి. తర్వాత ఇంధనంలో కలిపిన నైట్రోమీథేన్ శాతానికి సిలిండర్ హెడ్ కింది షిమ్‌లు సరిపోతున్నాయో చూడండి. పైపు పొడవు వంతు ఆ తర్వాతే.

## 8. బోటు తిరగబడితే

ఇది విడిగా చెప్పాలి. బోర్లాపడిన బోటు పైపులో నీళ్లు నిలిచిపోతాయి. ఒడ్డుకు తెచ్చిన తొందరలో స్టార్టర్ పెడితే ఆ నీళ్లు సిలిండర్‌లోకి వస్తాయి. నీరు కుంచించుకోదు కాబట్టి రాడ్ వంగుతుంది.

- ముందుగా ప్లగ్ తీసేయండి
- కప్లర్ విప్పి పైపును తోక కిందికి వంచి నీళ్లు పూర్తిగా ఒలకబోయండి
- ఇంజన్‌ను చేత్తో తిప్పి ప్లగ్ రంధ్రం నుంచి నీళ్లు తోసేయండి
- కాస్త ఇంధనం పోసి మళ్లీ తిప్పి, కొత్త ప్లగ్‌తో స్టార్ట్ చేయండి

మెథనాల్ మంట ఎండలో కంటికి కనిపించదు. పైపు వేడిగా ఉన్నప్పుడు ఇంధనం చిందకుండా చూడండి. పైపును చేత్తో తాకి వేడి చూసే అలవాటు ఉంటే మానేయండి.

## 9. విప్పి దాచేముందు

పైపు లోపల ఆముదం ఆధారిత నూనె అట్టకట్టి స్టింగర్‌ను సన్నం చేస్తుంది. వేడినీళ్లలో గిన్నెలు తోమే సబ్బుద్రావణం కలిపి రాత్రంతా నానబెట్టి, సీసాలు కడిగే బ్రష్‌తో రుద్దండి. సైలెన్సర్ ఉన్న పైపయితే నీళ్లు పూర్తిగా కారిపోయేదాకా తోక కిందికి నిలబెట్టండి.

ముందు కోన్ మీద చిన్న నొక్కు పడితే పెద్ద తేడా రాదు. అతుకు వెంట పగులు వస్తే మాత్రం ఆ పైపుతో నీటిలోకి దిగొద్దు. వెల్డింగ్ చేయించండి, లేదా మార్చేయండి. వెల్డ్ చేయించాక లోపల గడ్డలు లేవని వేలు పెట్టి చూసుకుని, పొడవు మళ్లీ కొలిచి, నోటుబుక్కులో తేదీ, ప్రొపెల్లర్ సైజు, రింగుల లెక్క, నీడిల్ చుట్లతో పాటు రాసుకోండి.